ఆ అంకెలు వెలిగించే ముందు



నిక్సీ గడియారం కడదామని ఆరు ఐఎన్-14 ట్యూబులు తెప్పించావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం వేసింది. అయితే టంకం కడ్డీ వేడెక్కించే ముందు ఈ నాలుగు మాటలూ నిదానంగా చదువు.

ముందు నీ చేతిలో ఉన్నదేమిటో తెలుసుకో. 1955లో అమెరికాలో బరోస్ కంపెనీ వీటిని బజారులోకి తెచ్చింది. ఎల్ఈడీలు చవకయ్యేదాకా కౌంటర్లు, వోల్టుమీటర్లు అంకెలు చూపింది వీటితోనే. 1961లో ఇంగ్లండులో వచ్చిన అనితా ఎలక్ట్రానిక్ కాలిక్యులేటరుకూ ఇలాంటి ట్యూబులే. నీకు వచ్చినవి సోవియట్ కార్ఖానాలవి. గాజు మీద అచ్చువేసిన తేదీ కనిపిస్తే చూడు, నీకంటే పెద్దవై ఉంటాయి. ఇప్పుడు వాటిని చేసేవాళ్లు లేరు. చెక్ దేశంలో దాలిబోర్ ఫార్నీ అనే ఆయన చేత్తో కొత్త నిక్సీలు తయారుచేస్తున్నాడు గానీ, వాటి ధర చదువుకునే పిల్లల జేబుకు అందేది కాదు. కాబట్టి నీ దగ్గరున్న ఆరూ తిరిగి దొరకనివే అనుకుని పని మొదలుపెట్టు.

లోపల చూశావా? అంకెల ఆకారంలో చేసిన పది సన్నటి లోహపు ముక్కలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. అవి పది క్యాథోడ్లు. యానోడ్ జాలీలా ఉంటుంది. మిగతా చోటంతా తక్కువ పీడనంలో నియాన్ వాయువు. ఏ అంకె తీగను గ్రౌండుకు కలిపితే ఆ అంకె చుట్టూ వాయువు నారింజ రంగులో మెరుస్తుంది. లోహం ఎర్రగా కాలదు, ఫిలమెంటు ఉండదు. అంకెల్ని 0, 1, 2 అని వరసగా పేర్చలేదు. ముందున్నది వెనకదాన్ని వీలైనంత తక్కువ కప్పేలా చూసుకుని పేర్చారు. ఐఎన్-12లో అయితే 5కి వేరే అచ్చు కూడా చేయలేదు, 2ని తలకిందులుగా పెట్టారు. ఆ పొదుపు నాకెంతో నచ్చుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ వాయువు అంటుకోవాలంటే 170 వోల్టుల దాకా కావాలి. నువ్వు ఇంతవరకూ ఆడుకున్న ఆర్డువినో 5 వోల్టులది. దాన్ని ఎక్కడ ముట్టుకున్నా ఏమీ కాలేదు కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఎవరో ఒకరు నీకు సులువు దారి చెబుతారు: గోడ ప్లగ్గులో 230 వోల్టులు ఉండనే ఉన్నాయి, ఒక డయోడు బ్రిడ్జి పెట్టి నేరుగా వాడేసుకో అని. ఆ మాట వినకు. అలా చేస్తే కెపాసిటరు మీద 325 వోల్టుల దాకా చేరుతుంది. అంతకంటే ప్రమాదం, నీ సర్క్యూటుకూ ఇంటి కరెంటుకూ మధ్య అడ్డేమీ ఉండదు. యూఎస్‌బీ తీగ తగిలించావంటే ల్యాప్‌టాప్ కూడా మెయిన్సుతో కలిసిపోయినట్టే. మంచి 12 వోల్టుల అడాప్టరు కొనుక్కో. అక్కణ్ణించి బూస్ట్ కన్వర్టరుతో 180కి ఎక్కించు. ఎంసి34063 చిప్పు, ఐఆర్‌ఎఫ్740 మాస్ఫెట్, ఒక కాయిల్, ఇవి కోఠీలో గుజరాతీ గల్లీలో అడిగితే దొరికే సరుకే. డయోడు మాత్రం యుఎఫ్4007 అని గట్టిగా అడిగి తీసుకో. పేరు దగ్గరగా ఉందని 1ఎన్4007 ఇస్తే వద్దను, అది ఈ కన్వర్టరు స్విచ్ అయ్యే వేగానికి ఆగలేక వేడెక్కిపోతుంది. అవుట్‌పుట్ కెపాసిటరు 250 వోల్టులకు తగ్గకూడదు. దానికి అడ్డంగా ఒక బ్లీడర్ రెసిస్టరు కూడా వెయ్యి. స్విచ్ ఆపాక కూడా కెపాసిటరులో చార్జి నిలిచే ఉంటుంది. మీటరు పెట్టి వోల్టేజి దిగిందని కళ్లతో చూశాకే చెయ్యి పెట్టాలి. ఇందులో బద్ధకించడానికి వీల్లేదు. సర్క్యూటు నడుస్తుండగా కొలవాల్సి వస్తే ఒక చేత్తోనే కొలువు, రెండో చెయ్యి వెనక్కి పెట్టుకో. రెండు చేతుల మధ్య గుండె ఉంది, నాన్నా.

ప్రతి యానోడుకూ రెసిస్టరు తప్పనిసరి. ట్యూబు వెలిగాక దాని మీద 140 వోల్టుల దగ్గర నిలబడుతుంది. నువ్విచ్చేది 180 అయితే మిగిలిన 40 రెసిస్టరు మోయాలి. ఐఎన్-14కి 2.5 మిల్లీయాంపులు చాలు, అంటే 16 కిలో ఓములు. నేనైతే 22 కిలో ఓములతో మొదలుపెడతాను. అంకె మొత్తం నిండుగా వెలిగితే చాలు, అంతకు మించి ఆశపడొద్దు. ప్రమిదలో వత్తి ఎగదోస్తే వెలుగు పెరిగినట్టే ఉంటుంది, నూనె తొందరగా అయిపోతుంది. ఇక్కడ తరిగేది క్యాథోడు లోహం. అది అణువణువుగా ఎగిరి గాజు లోపల నల్లగా పేరుకుంటుంది.

ఆ ఎగిరే లోహం గాజు మీదనే పడదు, వెలగని అంకెల మీదా పడుతుంది. ఇది గడియారాలకు ప్రత్యేకంగా వచ్చే జబ్బు. గంటల్లో పదుల స్థానంలో 0, 1, 2 తప్ప ఇంకేమీ రావు. మిగిలిన ఏడు అంకెలూ ఏళ్లతరబడి ఊరికే కూర్చుంటాయి. తరువాత ఎప్పుడో వెలిగిస్తే సగం అంకే కనిపిస్తుంది. అందుకని రోజూ తెల్లవారుజామున కాసేపు పది అంకెలూ అన్ని ట్యూబుల్లో తిరిగేలా ప్రోగ్రాములో రాసుకో. గదిలో ఎవరూ లేనప్పుడు ఆర్పేసేలా మనిషి కదలికను కనిపెట్టే సెన్సరు పెడితే మరీ మంచిది. ఏడాదికి 8,760 గంటలు, అన్నీ వెలిగించాల్సిన పనేముంది? సమయం లెక్కకు డిఎస్3231 పెట్టుకో, ఏడాదికి ఒక నిమిషం అటూఇటూగా ఉంటుంది. డ్రైవరుకు పాత 74141 గానీ, దాని సోవియట్ జోడీ కె155ఐడి1 గానీ చూడు. దొరక్కపోతే ఎంపిఎస్ఎ42 ట్రాన్సిస్టర్లు అంకెకొకటి చొప్పున వేసినా బాగా పనిచేస్తాయి.

ఐఎన్-14 కాళ్లు నేరుగా గాజులోంచి వస్తాయి. వంచేటప్పుడు గాజుకూ వంపుకూ మధ్య తీగను సన్నటి పట్టకారుతో పట్టుకుని వంచు, లేకపోతే మూలంలో బీట పడుతుంది. బీటపడి గాలి దూరితే ఆ ట్యూబు ఇక బాగుపడదు. వెలిగిన అంకె చుట్టూ సన్నగా నీలం కనిపిస్తే మాత్రం కంగారుపడకు, ఆయుష్షు పెంచడానికి లోపల కొంచెం పాదరసం వేసేవారు. అందుకే ట్యూబు పగిలితే కిటికీలు తెరువు, ముక్కల్ని ఒట్టి చేత్తో ఎత్తకు, చీపురుతో ఊడవకు.

ఆరింటికీ ఒకేసారి బోర్డు చేయించుకోవాలని ఉంటుంది నీకు. వద్దు. ముందు ఒక్క ట్యూబు తీసుకుని బల్ల మీద పది అంకెలూ వెలిగించి చూడు. కరెంటు కొలువు, నోటుబుక్కులో రాయి. తరువాత మిగిలిన ఐదింటినీ అలాగే పరీక్షించు. గడియారం ఎక్కడికీ పోదు. ఈ 180 వోల్టుల మాట వినే మీ అమ్మ భయపడితే, ముందు నీలిపచ్చ వెలుగునిచ్చే వీఎఫ్‌డీ ట్యూబులతో మొదలుపెట్టు. ఐవీ-11 లాంటివాటికి 25 వోల్టులు చాలు. అది తక్కువ పనేమీ కాదు, అందం కూడా తక్కువ కాదు.

ఇంకొకటి. రేపు ఎక్కడో పాత సామాన్లలో నిక్సీ అంకెలున్న ఫ్రీక్వెన్సీ కౌంటరు చవగ్గా కనిపిస్తుంది. అది పనిచేస్తుంటే ట్యూబుల కోసం దాన్ని విప్పకు. పనిచేసే పరికరాన్ని చంపి బొమ్మ చేసుకోవడం మన చేతికి తగిన పని కాదు. పాడైపోయి బాగు కానిదైతే నిరభ్యంతరంగా విప్పుకో.

గడియారం పూర్తయ్యాక సర్క్యూటు బొమ్మ గీసి పెట్టె లోపల అంటించు, మూత మీద 180 వోల్టులని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయి. మొదటిసారి హై వోల్టేజి ఇచ్చే రోజు మాత్రం గదిలో ఒంటరిగా ఉండకు. స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఏ స్విచ్ ఆపాలో ముందే అతనికి చూపించి, అప్పుడు వెయ్యి.