దాసోహభావమే నాయకత్వము

సంస్థకు మూలధనము ధనము కాదు, స్థాపకుని శీలము. స్థాపకుడు అహంకారియైనచో ఆ సంస్థ ఆజ్ఞలకు నిలయమగును, వినయశీలియైనచో సేవాక్షేత్రమగును. ఈ సత్యము మఠములకే కాదు, వ్యాపారములకును వర్తించును.

బసవేశ్వరుడు సంచరించిన కన్నడసీమయందే ఇందులకు నిదర్శనము కలదు. 1995లో హరీశ్ హందె అను ఇంజనీరు, నెవిల్ విలియమ్స్ అను అమెరికా దేశీయునితో కలిసి బెంగుళూరున సెల్కో అను సౌరవిద్యుత్ సంస్థను స్థాపించెను. కిరోసిన్ దీపపు పొగలో కాలము గడుపు పేదల ఇండ్లకు సూర్యశక్తిచే వెలుగు నిచ్చుట దాని ఆశయము. హందె పరిశోధక విద్యార్థిగా నున్నప్పుడే కరెంటు లేని పల్లెలలో నివసించి, వారి కష్టమును కన్నులార చూచెను.

ఒక వీథివర్తకురాలు అతనితో, నెలకు 300 రూపాయలు భారమనియు, దినమునకు 10 రూపాయలైనచో చెల్లింపగలననియు చెప్పెనట. లెక్క ఒక్కటే. కాని ఏనాటి కాయకముతో ఆనాడు బ్రతుకువారికి నెలజీతము లేదు గదా! ఇట్టి మాటలను వినగల చెవి నాయకునకున్నందుననే, బ్యాంకుల ద్వారా ఋణములిప్పించి, రాబడి తీరును బట్టి వాయిదాలు కుదుర్చుట ఆ సంస్థకు స్వభావమయ్యెను. 2011లో హందెకు రామన్ మెగసెసె పురస్కారము లభించెను.

పేదలకు దీపము నుచితముగా నీయక వెల గొనుట ధర్మమా యని కొందరు ప్రశ్నింపవచ్చును. వెల మోయరాని భారమైనచో అది ధర్మము కానేరదు. కాని దానమున దాత చేయి పైనుండును. పుచ్చుకొనువాడు తల వంచును. దాసోహమున ఇచ్చువాడే దాసుడు. తన కాయకఫలముతో వెల చెల్లించినవాడు యాచకుడు కాడు. దీపమారిననాడు మరమ్మతు చేయుడని అడుగు హక్కు గలవాడు. అతని గౌరవమును నిలుపుటయు సేవయే.

బసవేశ్వరుడు అనుభవమంటపమును నెలకొల్పియు, శూన్యసింహాసనముపై తాను కూర్చుండక అల్లమప్రభువును అధిష్ఠింపజేసెను. తాను శరణులలో నొకడై నిలిచెను. చెప్పులు కుట్టువాడును, బట్టలుతుకువాడును ఆ సభలో నోరు విప్పగలుగుటకు ఆ వినయమే కారణము.

మఠమునైనను, పాఠశాలనైనను, పరిశ్రమనైనను నెలకొల్పువారు తమ్ముతాము ప్రశ్నించుకొనవలసిన దొక్కటే: ఈ సంస్థలో అందరికంటె చిన్నవాని మాట పీఠము వరకు చేరుచున్నదా? చేరినచో స్థాపకుడు లేననాడును సంస్థ వెలుగును. చేరనిచో అతడున్ననాడే అది చీకటి.