గర్భిణిని ఏమి అడగాలి? ఏమి అడగకూడదు?

జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లి సింగరేణి కాలనీలోనో ఏదైనా అఖీఖా విందుకు వెళ్ళినప్పుడు స్త్రీలు కూర్చున్న వైపు కాస్త గమనించండి. దస్తర్‌ఖాన్ పరిచి ఉంటుంది. ఆరు నెలల గర్భంతో ఉన్న ఓ ఇంటి కోడలు వచ్చి ఒక పక్కగా కూర్చుంటుంది. ఆమె ఇద్దరు చిన్నారి కూతుళ్ళు తల్లి కొంగు పట్టుకొని ఉంటారు. అన్నం వడ్డించక ముందే ప్రశ్నలు మొదలవుతాయి.

“ఎన్నో నెల బేటీ?”

“స్కానింగ్ తీసిండ్రా? ఏమన్నరు?”

“ఇద్దరూ ఆడపిల్లలే కదా, ఈసారైనా కొడుకేనా?”

“మొదటి రెండూ ఆపరేషన్లేనా? ఇదీ అంతేనా?”

“నడుమ ఒకటి పోయిందట కదా, ఎందుకు పోయింది?”

మొదటి ప్రశ్నకు ఆమె జవాబు చెబుతుంది. రెండోదానికి నవ్వి ఊరుకుంటుంది. మూడోదానికి తల వంచుకుంటుంది. చివరి ప్రశ్న వచ్చేసరికి కళ్ళు చెమ్మగిల్లుతాయి. కొంగు పట్టుకున్న ఆ చిన్నారులు కూడా ఈ మాటలన్నీ వింటూనే ఉంటారు. తాము పుట్టడం ఇంట్లో ఏదో లోటుగా మిగిలిందని వారికి ఆ రోజే తెలుస్తుంది.

అడిగినవారెవరూ చెడ్డవారు కారు. ఒకరు ఖాలా, ఒకరు ఫుప్పీ, ఒకరు పొరుగింటి బాజీ. వారిలో చాలామంది ఈ ప్రశ్నలను తాము గర్భంతో ఉన్నప్పుడు ఎదుర్కొన్నవారే. అయినా ఆ కోడలు ఆ పూట కడుపు నిండా తినలేకపోయింది. మంచివారి నోటి నుంచి వచ్చిన మాట ఇంత బాధ ఎందుకు కలిగించింది? ఈ విషయాన్ని ధర్మం వెలుగులో పరిశీలిద్దాం.

అడగడం ప్రేమ కాదా?

“మన వాళ్ళని అడగకపోతే ఎవరిని అడుగుతాం? అడగడం ప్రేమ కాదా?” అని కొందరు అంటారు. ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. బంధుత్వ సంబంధాలను కలిపి ఉంచమని ఇస్లాం ఆదేశించింది. రోగిని పరామర్శించడం, పొరుగువారి మంచిచెడ్డలు తెలుసుకోవడం విశ్వాసి బాధ్యతలు. ఎవరూ పలకరించని ఇంట్లో గర్భిణి పడే బాధ ఇంకా దుర్భరం. భర్త పట్టించుకోని స్త్రీనీ, సరైన తిండి లేని స్త్రీనీ ఎవరో ఒకరు అడగకపోతే ఆమె కష్టం గోడల మధ్యే ఉండిపోతుంది.

అయితే అదే ఇస్లాం ఇంకో హద్దు కూడా గీసింది. సూరా హుజురాత్‌లో అల్లాహ్ విశ్వాసులను మితిమీరిన అనుమానాల నుంచి వారించాడు. ఇతరుల రహస్యాలను కూపీ లాగవద్దన్నాడు. వీపు వెనుక మాట్లాడటాన్ని చనిపోయిన సోదరుని మాంసం తినడంతో పోల్చాడు. ఈ మూడూ ఒకే ఆయతులో, ఒకదాని వెంట ఒకటిగా వచ్చాయి. మన అనుభవంలోనూ వరుస ఇదే. ముందు అనుమానం కలుగుతుంది. తర్వాత ఆరా తీస్తాం. తెలిసింది నలుగురితో పంచుకుంటాం. సూరా నూర్‌లోనేమో ఇతరుల ఇళ్ళలోకి అనుమతి లేకుండా ప్రవేశించవద్దనీ, వెనక్కి వెళ్ళమంటే వెళ్ళిపోవాలనీ ఆదేశం ఉంది. ఇంటి గుమ్మానికే ఇంత గౌరవం ఉంటే, ఒక స్త్రీ శరీరానికీ, ఆమె మనసుకూ ఇంకెంత గౌరవం ఉండాలి!

మరి ప్రేమతో అడిగేదేదో, కూపీ లాగేదేదో తెలిసేదెలా? దీనికి ఒక తేలికైన కొలమానం ఉంది. అడగబోయే ముందు మనల్ని మనం ప్రశ్నించుకోవాలి: “ఈ జవాబుతో నేను ఏం చేస్తాను? అది ఆమెకు మేలు చేసేదేనా?” జవాబు వినగానే ఆమె కోసం చేయవలసిన పని ఏదైనా మన మీద పడితే ఆ ప్రశ్న ప్రేమ. జవాబు విని మరొకరికి చెప్పడం తప్ప ఇంకేమీ చేయలేకపోతే అది కుతూహలం. తనకు సంబంధించని విషయాలను వదిలిపెట్టడం మనిషి ఇస్లాంకు అందం అని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించిన సంగతి మనకు తెలిసిందే.

“ఏమైనా తినాలనిపిస్తోందా?” అని అడిగితే వండి తేవాలి. “ఆసుపత్రికి తోడెవరు వస్తున్నారు?” అని అడిగితే అవసరమైతే మనమే వెళ్ళాలి. “పిల్లల్ని రెండు పూటలు నా దగ్గర ఉంచనా?” అని అడిగితే ఉంచుకోవాలి. “కొడుకా, కూతురా?” అని అడిగి మనం ఏం చేయగలం?

హజ్రత్ మర్యమ్‌కు అల్లాహ్ నేర్పిన పాఠం

గర్భిణిని నిలదీసిన సంఘటన అనగానే ముందుగా గుర్తుకు వచ్చేది హజ్రత్ మర్యమ్ (అలైహిస్సలాం) ఉదంతం. సూరా మర్యమ్‌లో అది వివరంగా ఉంది. నొప్పులు వచ్చి, ఒంటరిగా ఖర్జూర చెట్టు మొదలును ఆనుకొని, ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండేదని ఆమె విలపించారు. అప్పుడు ఆమెకు అందిన ఆదేశాల వరుసను గమనించండి. దుఃఖపడవద్దన్న ఓదార్పు ముందు వచ్చింది. తర్వాత కాళ్ళ దగ్గర నీటి ఊట, తల మీద తాజా ఖర్జూరాలు. తినమన్నారు, తాగమన్నారు, కళ్ళు చల్లబరచుకోమన్నారు. ఆ తర్వాతే, మనుషులెవరైనా కనబడితే కరుణామయుని కోసం మౌనవ్రతం పట్టానని, ఈ రోజు ఎవరితోనూ మాట్లాడనని తెలియజేయమన్నారు.

ప్రజలు రానే వచ్చారు. తండ్రి చెడ్డవాడు కాదే, తల్లి చెడ్డది కాదే అంటూ వంశాన్నంతా లాగారు. ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఒడిలోని బిడ్డ వైపు సైగ చేశారు. మాట్లాడే బాధ్యతను అల్లాహ్ ఆ పసివాని చేత నెరవేర్చాడు. ఆమె మౌనం పొగరు కాదు, అపరాధాన్ని ఒప్పుకోవడమూ కాదు. అది అల్లాహ్ ఆదేశించిన ఆరాధన.

అదే సూరా ఆరంభంలో హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) ఉదంతం ఉంది. ముసలితనంలో కొడుకు పుడతాడన్న శుభవార్తకు సూచనగా ఆయన మూడు రాత్రులు ప్రజలతో మాట్లాడలేకపోయారు. సైగలతోనే దైవస్తోత్రం చేయమని జనానికి తెలిపారు. ఇద్దరు ప్రవక్తల పుట్టుక గురించి చెప్పిన ఒకే సూరాలో రెండుచోట్లా మౌనం ప్రస్తావనకు రావడం ఆలోచించదగ్గ విషయం. కలను అన్నలకు చెప్పవద్దని హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) తన కుమారుడు యూసుఫ్‌ను హెచ్చరించడం కూడా మనం ఖుర్ఆన్‌లో చదువుతాం. మేలైన విషయాన్ని సైతం అందరికీ చెప్పి తీరాలన్న నియమం లేదు.

కొడుకేనా అన్న ప్రశ్న ఎక్కడికి దారితీస్తుంది?

కొడుకా, కూతురా అన్న ప్రశ్న చిన్నదిగానే కనబడుతుంది. కాని దాని బరువు చాలా ఎక్కువ. గర్భస్థ శిశువు లింగాన్ని వెల్లడించడాన్ని నిషేధిస్తూ మన దేశంలో 1994లో చట్టం వచ్చింది. అది 1996 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. 2003లో దాన్ని మరింత కట్టుదిట్టం చేశారు. చెప్పిన వైద్యునికే కాదు, చెప్పమని కోరిన బంధువుకూ మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. అయితే గర్భిణి విషయంలో మాత్రం, రుజువు లేనంతవరకు, భర్తో బంధువులో ఆమెను బలవంతపెట్టి ఉంటారనే చట్టం భావిస్తుంది. అంటే చట్టం కూడా వేలెత్తి చూపేది ఆమె చుట్టూ కూర్చున్న మన వైపే.

2016 అక్టోబరు వరకు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ వరంగల్ జిల్లాలోనివే. ఆ వరంగల్‌లోనే 2023 మే నెలలో అక్రమంగా లింగ నిర్ధారణ పరీక్షలు, గర్భస్రావాలు చేస్తున్న ముఠాను పోలీసులు పట్టుకుని 18 మందిని అరెస్టు చేశారు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, అంతకు ముందు అయిదేళ్ళలో తెలంగాణలో ప్రతి 1000 మంది మగశిశువులకు పుట్టిన ఆడశిశువులు 894 మందే. ఆ ముఠాల దగ్గరికి వెళ్ళే దారి ఎక్కడ మొదలవుతుంది? ఎక్కడో చీకటి గదిలో కాదు. విందులో, అరుగు మీద, బస్సులో, “ఈసారైనా కొడుకేనా?” అని అడిగిన చోటే మొదలవుతుంది. పది మంది పది సార్లు అడిగితే, పదకొండోసారి ఆ ప్రశ్నను అత్తగారే అడుగుతుంది, భర్తే అడుగుతాడు.

కూతురు పుట్టిందనగానే ముఖం నల్లబడే అజ్ఞానకాలపు మనిషిని ఖుర్ఆన్ తీవ్రంగా మందలించింది. సూరా షూరాలో సంతానం గురించి చెబుతూ అల్లాహ్ ముందుగా కూతుళ్ళనే ప్రస్తావించాడు. ఆ తర్వాత కుమారులను, ఇద్దరినీ పొందేవారిని, ఏ సంతానమూ లేనివారిని పేర్కొన్నాడు. నలుగురి విషయంలోనూ నిర్ణయం ఆయనదే. ఇమ్రాన్ గారి సతీమణి కడుపులోని బిడ్డను అల్లాహ్ సేవకు మొక్కుకుని, కాన్పు కాగానే ఆడపిల్ల పుట్టిందేనని అన్నారు. ఆ ఆడపిల్లే హజ్రత్ మర్యమ్. గర్భంలో ఏముందో అల్లాహ్‌కే తెలుసు అన్న మాటకు అర్థం ఆడా మగా అన్నంతవరకే కాదు. ఆ బిడ్డ ఉపాధి, ఆయుష్షు, కర్మలు, ముగింపు ఏమిటో ఏ యంత్రానికీ తెలియదు.

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన కేసీఆర్ కిట్ పథకంలో మగబిడ్డ తల్లికి 12,000 రూపాయలు, ఆడబిడ్డ తల్లికి 13,000 రూపాయలు ప్రకటించారు. ఆడబిడ్డ పుట్టినందుకు ప్రభుత్వం వెయ్యి రూపాయలు ఎక్కువ ఇవ్వాలనుకుంటే, ఆ తల్లికి మనం ఒక మంచి మాట ఎక్కువ ఇవ్వలేమా?

ఎవరికి చెప్పాలి? ఎవరికి చెప్పకపోయినా ఫరవాలేదు?

ఇక్కడ సోదరీమణులు ఒక పొరపాటు చేసే ప్రమాదం ఉంది. చుట్టాల ప్రశ్నలకు విసిగిపోయి డాక్టరుకు, ఏఎన్‌ఎమ్‌కు, ఆశ కార్యకర్తకు కూడా విషయాలు దాచిపెట్టకూడదు. నెలసరి ఎప్పుడు ఆగింది, ఎన్ని కాన్పులయ్యాయి, గర్భం ఎన్నిసార్లు పోయింది, ఆపరేషన్ జరిగిందా, బీపీ, షుగర్ ఉన్నాయా అని వారు అడిగేది వైద్యం కోసం. ఒక్క జవాబు తప్పితే ప్రాణానికే ముప్పు. మూడు నెలలు నిండేదాకా బయటికి చెప్పకూడదనుకునే ఇళ్ళలో కూడా 12 వారాలలోపే గర్భాన్ని నమోదు చేయించుకోవాలి. ఎవరి ముందైనా చెప్పలేని విషయం ఉంటే, “కొంచెం ఒంటరిగా మాట్లాడాలి” అని డాక్టరును కోరడంలో తప్పేమీ లేదు. వెంట వచ్చిన అత్తగారు ఆ మాట విని నొచ్చుకోకుండా బయట కూర్చోవడమే పెద్దరికం.

“ఆపరేషనా, నార్మలా?” అన్న ప్రశ్న కూడా అలాంటిదే. అదే సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్ ద్వారానే జరిగాయి. దేశంలోని రాష్ట్రాలన్నిటిలో ఇదే అత్యధికం. దీని గురించి సమాజం చర్చించవలసిందే, అనవసరపు కోతలను ప్రశ్నించవలసిందే. కాని ఆ లెక్కను మంచం మీది బాలింతను అడిగి ప్రయోజనం లేదు. ఆమె ఏదో తప్పు చేసినట్లు అడగడం అసలే తగదు.

మిగతావారికి ఎలా జవాబు చెప్పాలి? అబద్ధం అక్కర్లేదు, గొడవా అక్కర్లేదు. “స్కానింగ్‌లో ఏమన్నరు?” అంటే “అల్‌హందులిల్లాహ్, బాగుందన్నరు ఖాలా.” “కొడుకేనా?” అంటే “అల్లాహ్ ఇచ్చేది, మీరు దుఆ చేయండి.” మళ్ళీ అడిగితే చిరునవ్వు చాలు. పెద్దల పట్ల గౌరవం తగ్గకుండానే విషయాన్ని కాపాడుకోవచ్చు. ఈ భారమంతా ఆమె మీదే వేయకూడదు. తన తల్లికీ, అక్కలకూ మర్యాదగా నచ్చజెప్పవలసింది భర్త. “అమ్మీ, ఆమెను ఇవన్నీ అడగకండి, ఏదైనా ఉంటే నేను చెబుతాను” అనే ఒక్క మాట ఆమెకు ఎన్నో మందుల పాటి బలం.

ఒక తల్లి చూపిన మార్గం

హజ్రత్ అనస్ (రజి) చిన్ననాటి సంఘటన ఒకటి హదీసు గ్రంథాలలో ఉంది. మహాప్రవక్త (స) ఆయన్ని ఏదో పని మీద పంపారు. ఇల్లు చేరేసరికి ఆలస్యమైంది. తల్లి హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) కారణం అడిగారు. దైవప్రవక్త పని మీద వెళ్ళానని పిల్లవాడు చెప్పాడు. ఏ పని అని ఆమె అడిగారు. అది రహస్యమని అతను అన్నాడు. కన్నతల్లి! కసిరి అడిగే హక్కు తనకు ఉందనుకోవచ్చు. కాని ఆమె అక్కడితో ఆగిపోయారు. పైగా దైవప్రవక్త రహస్యాన్ని ఎవరికీ చెప్పవద్దని బిడ్డకే ఉపదేశించారు.

ఒక్కసారి అడగడం సహజం. ఎదుటివారు చెప్పదలచుకోలేదని తెలిసిన క్షణంలో ఆగిపోవడమే సంస్కారం. పెళ్ళయిన ఏడాదికే “ఏమైనా విశేషమా?” అని ప్రతి పండుగకూ అడిగేవారు ఈ సంఘటనను మరింతగా గుర్తుంచుకోవాలి. ఆ “విశేషం” కోసం ఆమె తహజ్జుద్‌లో ఎన్ని రాత్రులు కన్నీళ్ళు పెట్టుకుందో మనకు తెలియదు.

ఈసారి విందులో ఓ గర్భిణి మీ పక్కన కూర్చుంటే ముందు ఆమె పళ్ళెంలో వడ్డించండి, మంచినీళ్ళు అందించండి. ఆమె కూతుళ్ళను దగ్గరికి తీసుకుని వారి పేర్లు అడగండి, ఏం చదువుతున్నారో అడగండి. ఆ ప్రశ్నలకు ఆ తల్లి సంతోషంగా జవాబు చెబుతుంది.

గర్భిణులందరికీ సులభమైన కాన్పును, ఆరోగ్యవంతులైన, సద్గుణవంతులైన సంతానాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! మన నాలుకలను ఇతరులకు బాధ కలిగించకుండా కాపాడుగాక! ఆమీన్.