నీ రంగు జోలికి పోకు, బిడ్డా

బిడ్డా, అశోక్‌నగర్ హాస్టల్లో నీ పుస్తకాల మధ్య ముఖం తెల్లబరిచే ఆ క్రీము ట్యూబు చూసినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. పెళ్లిచూపులకొచ్చిన వాళ్లు "అక్క రంగు చెల్లెలికి రాలేదే" అని ఒక్క మాట అని పోయారు. గ్రూప్స్ కోసం జీవశాస్త్రం అంతా నమిలి మింగిన పిల్లవి, ఆ ఒక్క మాటకు అంత కుంగిపోతే ఎట్లా? పెద్దమ్మను, చెప్పకుండా ఉండలేను.

చర్మానికి రంగునిచ్చేది మెలనిన్. దాన్ని తయారుచేసే కణాలు నల్లటివాళ్లలోనూ తెల్లటివాళ్లలోనూ ఇంచుమించు ఒకే లెక్కలో ఉంటాయి. అవి ఎంత మెలనిన్ చేస్తాయి, ఏ రకం చేస్తాయి అన్నదాంట్లోనే తేడా. ఆఫ్రికాలో మన పూర్వీకుల ఒంటి మీద బొచ్చు పలచబడ్డాక ఎండ నేరుగా చర్మానికి తగలడం మొదలైంది. ఆ ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఒంట్లోని ఫోలేట్‌ను పాడుచేస్తాయి. కడుపులో బిడ్డ వెన్నుపాము సరిగ్గా ఏర్పడాలంటే ఫోలేట్ ఉండాలి. నీళ్లోసుకున్న ప్రతి పిల్లకూ డాక్టరమ్మ ఫోలిక్ ఆమ్లం మాత్ర రాసేది అందుకే. ముదురు రంగు గొడుగులా అడ్డుపడి ఆ ఫోలేట్‌ను కాపాడిందనీ, అందుకే ఎండ దేశాల్లో ఆ రంగు నిలిచిందనీ నీనా జబ్లోన్‌స్కీ, జార్జ్ చాప్లిన్ అనే శాస్త్రవేత్తలు 2000లో వాదించారు. తల్లుల కడుపు పండించిన రంగును మనం మచ్చలాగా చూస్తున్నాం, అదే నా బాధ.

ఉత్తరాన చలి దేశాలకు వలసపోయినవాళ్ల అవసరం వేరు. చలికాలమంతా అక్కడి ఎండ చర్మం విటమిన్ డి చేసుకోవడానికి చాలదు. మెలనిన్ తగ్గినవాళ్లకు ఆ కొద్దిపాటి ఎండే అక్కరకొచ్చింది. 1960ల్లో గ్లాస్గోలో స్థిరపడ్డ దక్షిణాసియా కుటుంబాల పిల్లల్లో డాక్టర్లకు, విటమిన్ డి చాలక ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బు కనబడింది. అదే తెల్లటి చర్మం ఆస్ట్రేలియా ఎండలోకి వెళ్లి చర్మ క్యాన్సర్‌తో అల్లాడుతోంది. మన హైదరాబాదు ఉన్నది 17 డిగ్రీల అక్షాంశం మీద. మేలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి మన దోమలగూడలో మిట్టమధ్యాహ్నం కర్ర నిలబెడితే నీడే పడదు, సూర్యుడు అంత సూటిగా నెత్తి మీదికి వస్తాడు. ఈ నేల మీద నీ చామనఛాయ ఎంత అవసరమో నువ్వే ఆలోచించు.

మరి అక్కకు లేనిది నీకెందుకొచ్చింది అంటావా? జవాబు మన ఊళ్లోనే, హబ్సిగూడ సీసీఎంబీ పరిశోధనశాలలో దొరికింది. అక్కడి కుమారసామి తంగరాజ్, విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి దక్షిణ భారతంలో 1,228 మంది చర్మం రంగును కొలిపించి, ఎస్‌ఎల్‌సీ24ఏ5 అనే జన్యువుతో పోల్చి చూసి 2013లో ప్రచురించారు. ఆ జన్యువులో ఒక్క అక్షరం మారితే రంగు తేలికపడుతుంది. ఆ మార్పు యూరప్ వాళ్లకూ మనకూ ఒకే మూలం నుంచి వచ్చింది, 22 నుంచి 28 వేల ఏళ్ల నాటిదని వాళ్ల అంచనా. భారత ఉపఖండంలో 54 సమూహాల్లో వెతికితే అది విస్తారంగా, ఒక్కోచోట ఒక్కో పాళ్లలో కనబడింది. వాళ్లు చూసిన జనంలో రంగు తేడాలో 27 శాతం దీనివల్లే. మిగతాదానికి వేరే జన్యువులున్నాయి, ఎండ ఉంది. ఇట్లాంటి జన్యువుల్లో మీ అమ్మానాన్నల దగ్గర రెండు రూపాలూ ఉంటే, అక్క చేతికి ఒకటి, నీ చేతికి ఒకటి రావచ్చు. ఇందులో నీ లోపం ఏముంది?

ఇక ఆ ట్యూబు. దాని మీద చిన్న అక్షరాల్లో ఉన్నది చదివాను, స్టెరాయిడూ హైడ్రోక్వినోనూ కలిసిన మందు అది. ముందు కొన్ని వారాలు ముఖం తేటపడినట్టే ఉంటుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు లేచి, సన్నటి నరాలు బయటికి కనబడతాయి. ఇట్లాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో ప్రభుత్వం చెప్పింది. అయినా స్నేహితురాలు చెప్పిందని నువ్వు దుకాణంలో అడిగితే ఇచ్చేశారు! అట్లాగని ఇవాళే నీ అంతట నువ్వు మానేయకు. కొందరికి ఒక్కసారిగా ఆపితే ముఖం మంట పుట్టి ఇంకా ఎర్రబడుతుంది.

పొద్దుటి నుంచి రాత్రి దాకా లైబ్రరీలో కూర్చుంటావు, నీకు ఎండే తగలడం లేదు. మన రంగువాళ్లకు విటమిన్ డి రావాలంటే ఎండలో కాస్త ఎక్కువసేపు ఉండాలి. తెల్లవారగానే ఇందిరా పార్కులో నడిస్తే ఒంటికి మంచిదే కానీ ఆ వేళ ఎండలో విటమిన్ డికి కావాల్సిన అతినీలలోహిత కిరణాలు బాగా తక్కువ. పదకొండు దాటాక కాసేపు చేతులు ఎండకు పెట్టు. ముఖానికి మాత్రం ఇప్పుడు చున్నీ కప్పుకో, ఆ క్రీముతో అది నీరసించి ఉంది.

సోమవారం గాంధీ ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీకి పోదాం, ఆ ట్యూబు సంచిలో వేసుకుని రా. పెళ్లివాళ్ల సంగతి నాకు వదిలెయ్, వాళ్లతో నేనే మాట్లాడతాను.