చీటీ తీసేది కృష్ణుడా, మనమా?

మొన్న ఆదివారం పెద్ద అంబర్‌పేట్‌లో మా పిన్ని వాళ్లింటికి వెళ్లాను. తమ్ముడు ఈఏపీసెట్ రాశాడు, వెబ్ ఆప్షన్లు పెట్టాలి. మొదటి ఆప్షన్ ఉస్మానియానా, కూకట్‌పల్లి జేఎన్‌టీయూనా? వారం నుంచి ఇంట్లో ఇదే చర్చ.

నేను వెళ్లేసరికి పూజగదిలో కృష్ణుడి ఫోటో ముందు రెండు చీటీలు మడిచి పెట్టి ఉన్నాయి. "అన్నా, ఒకటి తియ్యి. స్వామి ఏదిస్తే అదే పెడత. రేపు నన్నెవరూ ఏమీ అనరు గదా" అన్నాడు.

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. పదేళ్ల కింద నేనూ చీటీయే తీశాను. తర్వాత బ్యాక్‌లాగ్ పడినా, క్లాసులు నచ్చకపోయినా, "స్వామి ఇచ్చిందే కదా" అనుకునేవాణ్ణి. అది భక్తి అనుకున్నాను. నిజానికి నా తప్పు మోయడానికి స్వామిని పెట్టుకున్నాను.

గీతలో అర్జునుడు కూడా ఏది మంచిదో తేల్చి చెప్పమని అడుగుతూనే ఉంటాడు. 2వ అధ్యాయం 7వ శ్లోకంలో, 3వ అధ్యాయం 2లో, మళ్లీ 5వ అధ్యాయం మొదట్లోనే. కృష్ణుడు దారి చూపిస్తాడు, కారణాలు చెప్తాడు. కానీ 18వ అధ్యాయం 63లో ఏమంటాడు? ఇదంతా పూర్తిగా ఆలోచించుకో, తర్వాత నీకు ఎలా అనిపిస్తే అలా చెయ్యి అంటాడు.

"మరి 66లో నన్నే శరణు పొందమన్నాడు కదా?" అని మీరు అడగొచ్చు. నిజమే. కానీ ఆ మాట ఆలోచించమన్న తర్వాతే వచ్చింది. 73లో సందేహం పోయింది, నువ్వు చెప్పినట్టే చేస్తానని అర్జునుడు తన నోటితోనే చెప్తాడు. శరణాగతి అంటే నిర్ణయం ఎగ్గొట్టడం కాదు.

వెబ్ ఆప్షన్లూ అంతే. సీటు మన ర్యాంకు, మిగతావాళ్ల ర్యాంకులు, రిజర్వేషన్లను బట్టి వస్తుంది. మన చేతిలో ఉన్నది ఆప్షన్ల వరుస ఒక్కటే. దాన్ని కూడా చీటీకి వదిలేస్తే ఇక మనం చేసిన కర్మ ఏది?

చీటీలు పక్కన పెట్టి అడిగాను: "ఎవరూ ఏమీ అనరనుకో. అప్పుడు ఏది పెడతావ్?"

చాలాసేపటికి "ఉస్మానియా" అన్నాడు. జేఎన్‌టీయూ అంటే ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి దాదాపు లైను చివరిదాకా పోవాలి, హాస్టల్ తప్పదు. బాబాయ్‌కి మోకాళ్ల నొప్పులు, సాయంత్రం షాపులో ఒక మనిషి ఉండాలి. బాబాయ్‌కేమో కొడుకు జేఎన్‌టీయూలో చదవాలని ఆశ. "డాడీకి చెప్తే, తన వల్లే నేను ఆగిపోయిన అనుకుంటడు అన్నా." చీటీ వెనక దాక్కున్న మాట ఇదీ.

ఆ రాత్రి వాడే చెప్పాడు. బాబాయ్ ముందు కోప్పడ్డాడు. "షాపు కోసం చదువు మార్చుకుంటావారా?" అన్నాడు. కాసేపాగి, "షాపు సంగతి నేను చూసుకుంట. నీకు ఏది సరైందనిపిస్తే అది పెట్టు" అన్నాడు.

వాడు ఉస్మానియానే మొదట పెట్టాడు. సీటు ఎక్కడ వస్తుందో ఇంకా తెలీదు. సేవ్ చేశాక పూజగదిలోకి వెళ్లి దీపం పెట్టాడు. ఏం మొక్కుకున్నావని అడిగితే, "ఇది నేనే ఎంచుకున్నా స్వామీ, తోడుండు అన్నా" అని చెప్పాడు.

మీ ఇంట్లో కూడా ఇప్పుడు రెండు చీటీలు మడిచి ఉంటే, తీసే ముందు ఆ ఒక్క ప్రశ్న అడుక్కోండి. జై శ్రీకృష్ణ!