శీర్షప్రహేళిక - పరిగ్రహ పరిమాణము

లెక్క లేనిదే వర్తకము లేదు. చిక్కపేటలోనైనను, అవెన్యూ రోడ్డులోనైనను ప్రొద్దుట కొట్టు తెఱచినది మొదలు రాత్రి చిట్టా ముగించువఱకు మనము అంకెలతోనే కాలము గడపుచున్నాము. అట్టి మనకు పూర్వులు విడిచిన ఒక మహాసంఖ్యను గూర్చియు, అది మన నడవడికి చెప్పు పాఠమును గూర్చియు ఇచట ముచ్చటింతము.

గణితము మనకు క్రొత్త విద్య కాదు. క్రీ. శ. 9వ శతాబ్దమున, ఈ కన్నడసీమ నేలిన రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలమున, మహావీరాచార్యుడు గణితసార సంగ్రహమును రచించెను. దానిని పావులూరి మల్లన తెనిగించెను. 27994681ని 441చే హెచ్చించిన 12345654321 వచ్చును. ఎటునుండి చదివినను ఒకే తీరుగా నుండు ఇట్టి సంఖ్యలను ఆచార్యుడు కంఠహారములతో పోల్చెను.

వీని కన్నిటికిని మిన్న శీర్షప్రహేళిక. ఇది అనుయోగద్వార సూత్రము చెప్పు కాలగణన. 84 లక్షల యేండ్లు ఒక పూర్వాంగము. దానిని మరల 84 లక్షలచే గుణించిన పూర్వము. అనగా 70 లక్షల 56 వేల కోట్ల యేండ్లు. ఇట్లు మెట్టు మెట్టునకు 84 లక్షలచే గుణించుచు పోగా 28వ మెట్టు శీర్షప్రహేళిక. 54 అంకెలు, వాని వెనుక 140 సున్నలు, వెరసి 194 స్థానములు.

ఇంత సంఖ్యయు 2, 3, 5, 7 అను నాలుగు ప్రధాన సంఖ్యలనుండియే పుట్టినది: 196 రెండ్లు, 28 మూళ్లు, 140 ఐదులు, 28 ఏడులు. దానిని నిశ్శేషముగా భాగించు సంఖ్యలు 2,33,60,457. 11చే భాగించిన శేషము తప్పదు. ఎంత పెద్దదైనను దానికి హద్దు కలదు, దాని లోగుట్టు తెలియును. అందుచే అది సంఖ్యాతమే. అసంఖ్యాతము, అనంతము వేఱు. దానిని దాటిన కాలమును శాస్త్రము పల్యోపమ, సాగరోపమములని ఉపమానముచే చెప్పినది.

ఇక మన ప్రశ్న. పరిగ్రహ పరిమాణ వ్రతము గృహస్థుని సర్వము విడువుమనదు. ఇంత ధనము, ఇంత భూమి, ఇంత బంగారము అని తనకు తానే హద్దు పెట్టుకొనుమనును. లక్ష రూపాయల ఆస్తి గల వర్తకుడు నూఱు కోట్లు హద్దు పెట్టుకొనెననుకొందము. అది వ్రతమగునా? అంకెకు హద్దు కలదు, నిజమే. కాని ఆ హద్దు అతని చేతిని ఒక్కనాడును ఆపదు. గణితమున సాంతము, ఆచరణమున అనంతము.

“ధరలు పెరుగుచున్నవి, పిల్లల చదువులు, పెండ్లిండ్లు కలవు, చిన్న హద్దుతో వ్యాపారమెట్లు సాగును?” అని కొందఱడుగుదురు. ఆ మాట త్రోసివేయదగినది కాదు. హద్దు చిన్నదే కావలెనని నియమము లేదు. అది లెక్కకు నిలువవలెను. ఇంటి ఖర్చు, వ్యాపారపు పెట్టుబడి, కష్టకాలమునకు దాపు కూడి వేసిన మొత్తము పెద్దదైనను, ఏల అంత అయినదో చెప్పగలము. కారణము చెప్పలేని మొత్తము పొరుగుకొట్టును చూచి వేసినది. మన పెద్దలు 194 స్థానములు లెక్కించిన పిమ్మట ఉపమానమునకు దిగిరి. లోభి మొదటి రూపాయినుండియే “వానికంటె నాకెక్కువ” యని ఉపమానమునకు దిగును. పొరుగువాడు పెరుగుచున్నంత కాలము ఆ లెక్క ముగియదు.

కావున దీపావళినాడు క్రొత్త ఖాతా తెఱచునపుడు మన హద్దును గూడ అంకెలలో వ్రాసికొందము. అది ఏల అంత అయినదో ఇంటివారికి వివరింపగలిగినచో వ్రతము నిలిచినట్లే. దానిని దాటి వచ్చినది ధర్మమునకు చెందును.