ఒప్పుకున్నాక అడగవచ్చునా?

ఇచ్చిన మాట తప్పరాదన్నది మనకు ఉగ్గుపాలతో వచ్చిన నీతి. అందుకే ఈ అమెరికాలో ఎవరైనా ప్రాసిక్యూటరుతో ఒప్పందం చేసుకుని, నేరం ఒప్పుకుని, జైలుకు బదులు ప్రొబేషన్ తీసుకుని, ఆ తరువాత “ఈ షరతు అన్యాయం” అంటూ మళ్ళీ కోర్టు మెట్లెక్కితే మనకు నచ్చదు. “సంతకం పెట్టేటప్పుడు తెలియదా?” అంటాం. ఆ మాటలో న్యాయమెంత ఉందో ఆలోచిద్దాం.

2012లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పిన లెక్క ప్రకారం, ఫెడరల్ కోర్టుల్లో పడిన శిక్షల్లో నూటికి 97, రాష్ట్రాల కోర్టుల్లో 94 నేరం ఒప్పుకోవడం వల్ల వచ్చినవే. విచారణకు వెళితే పెద్ద శిక్ష పడుతుందేమోనన్న భయం ఒకవైపు, ఇవాళే ఇంటికి వెళ్ళవచ్చునన్న ఆశ మరొకవైపు. ఆ నడుమ పెట్టిన సంతకం సంతకమే, కాదనం. కాని అది దేనికి పెట్టిన సంతకం?

వైద్యులమైన మేము ఇలాంటి సంతకాలు రోజూ చూస్తాం. అపెండిక్సు తీయడానికి ఒప్పుకున్న రోగి, మాకు తోచినదల్లా చేయడానికి ఒప్పుకున్నట్టు కాదు. జబ్బుకూ చికిత్సకూ సంబంధం ఉండాలి. ప్రొబేషన్ కూడా మనిషిని దారిలో పెట్టడానికి చేసే చికిత్స వంటిదే.

1967లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు ముందుకు ఒక దోపిడీ కేసు వచ్చింది. ముద్దాయి స్త్రీ. పెళ్ళి కాకుండా గర్భం ధరించరాదని ఆమెకు పెట్టిన షరతును కోర్టు కొట్టివేసింది. 1975లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే స్థిరపరచింది: షరతుకు చేసిన నేరంతో సంబంధం లేకపోవాలి, అది అడ్డుకునే పని స్వతహాగా నేరం కాకూడదు, ముందుముందు నేరాన్ని ఆపడానికీ అది పనికిరాకూడదు. మూడూ కలిస్తేనే షరతు చెల్లదు. కనుక తాగి కారు నడిపినవాణ్ణి మద్యం ముట్టవద్దంటే, కష్టంగా ఉందన్నంత మాత్రాన అన్యాయం కాదు.

జార్జియాలో బేర్డెన్ అనే అతను 1980లో నేరం ఒప్పుకున్నాడు. జరిమానా, నష్టపరిహారం కలిపి 750 డాలర్లు కట్టాలన్నారు. తల్లిదండ్రుల దగ్గర అప్పు తెచ్చి 200 కట్టాడు. ఇంతలో పని పోయింది. చదవడం రానివాడు, వేరే పని దొరకలేదు. జైల్లో పెట్టారు. ఎందుకు కట్టలేకపోయాడో విచారించకుండా జైలుకు పంపరాదని 1983లో దేశ సుప్రీంకోర్టు తేల్చింది. ఉండీ ఎగగొట్టినవాడికి ఆ తీర్పు అభయం ఇవ్వలేదు. అదీ న్యాయమే, నష్టపోయినవాడికి కూడా మాట ఇచ్చినట్టే కదా!

కాబట్టి తేడా ఇక్కడుంది. షరతును చాటుగా మీరడం మాట తప్పడం. దాన్ని పాటిస్తూనే జడ్జీ ఎదుట నిలబడి “ఇది మార్చండి” అని అడగడం మాట తప్పడం కాదు. మార్చే అధికారం జడ్జీకి చట్టమే ఇచ్చింది.

పౌరసత్వం లేని మనవారికి ఇంకొక సంగతి. నేరం ఒప్పుకుంటే దేశం విడిచిపోవలసి వచ్చే ప్రమాదముంటే, ఆ మాట లాయరు ముందే చెప్పాలని 2010లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అనుమతి లేకుండా ప్రాంతం దాటరాదన్నది ప్రొబేషన్‌లో మామూలు షరతు. ఇండియాలో తల్లి మంచాన పడితే ఏం చేయాలి? అప్పీలు హక్కు వదులుకుంటున్నామా? ఇవి సంతకానికి ముందే అడగవలసిన ప్రశ్నలు. మనలో ఎవరికైనా ఆ గతి పడితే, పరువు పోయిందని తలుపులు మూసుకోకుండా, పక్కన కూర్చుని ఆ కాగితం అడుగడుగునా చదివించడం మన ధర్మం.