నచికేతుడు అడిగిన మొదటి వరం

కఠోపనిషత్తు అనగానే మనకు నచికేతుడి మూడో వరమే గుర్తొస్తుంది. చనిపోయాక ఏముంటుందన్న ప్రశ్న అంత పెద్దది మరి. దాని వెలుగులో మొదటి వరాన్ని దాటేస్తున్నాం. వట్టిపోయిన ముసలి ఆవులను దానమిస్తున్న తండ్రిని చూసి, తననెవరికి ఇస్తావని ఆ పిల్లవాడు పదేపదే అడిగాడు. తండ్రి విసిగిపోయి మృత్యువుకిస్తానన్నాడు. అలా తన దగ్గరికి వచ్చిన నచికేతుణ్ణి యముడు వరం కోరుకోమన్నప్పుడు, అతడు ముందు అడిగింది ఆత్మజ్ఞానం కాదు. నాయన కోపం చల్లారాలి, ఇంటికెళ్తే తనను ప్రేమగా పలకరించాలి. తండ్రి మనసు కుదుటపడ్డాకే ఆ పిల్లవాడికి పెద్ద ప్రశ్నలు అడిగే తీరిక దొరికింది. తన కోపాన్ని తాను గమనించుకోవడం, బిడ్డ బాధను విని దానికో పేరు చెప్పడం పితృధర్మంలో భాగమే అని నా వాదన. తిండి, బట్ట, చదువు సమకూర్చడంతో ఆ ధర్మం తీరిపోదు.

మనస్తత్వశాస్త్రం కూడా ఇటే చూపుతోంది. తండ్రీబిడ్డల ఆటలను మెక్‌డొనాల్డ్, పార్క్ అనే పరిశోధకులు 1984లో పరిశీలించారు. తండ్రితో ఉత్సాహంగా ఆడే చిన్నపిల్లలు తోటిపిల్లలతో బాగా కలిశారు. తండ్రి ఆటలోనూ ఆజ్ఞలిస్తుంటే అంతగా కలవలేదు. మనస్తత్వవేత్త గాట్‌మన్ బృందం ఐదేళ్ల పిల్లల కుటుంబాలను మూడేళ్ల తర్వాత మళ్లీ చూసి 1996లో ఫలితాలు ప్రకటించింది. కోపాన్నీ దుఃఖాన్నీ తోసిపుచ్చకుండా దారి చూపిన తల్లిదండ్రుల పిల్లలు చదువులో, స్నేహాల్లో మెరుగ్గా ఉన్నారు. నెమ్మదైన బిడ్డ ఉంటే తండ్రీ నెమ్మదిగానే ఉంటాడు కదా అనవచ్చు. నిజమే, ప్రభావం రెండువైపులా నడుస్తుంది. అయినా మొదటి అడుగు వేయగలిగేది పెద్దవాడే. ఐదేళ్లవాడిని ముందు మారమనడం న్యాయం కాదు.

భయం లేకపోతే బిడ్డ చెడిపోతాడనేది పాత మాట. ‘ఉండు, మీ నాయన రానీ’ అంటే పిల్లవాడు ఏడుపు ఆపుతాడు, కానీ బాధ తీరి కాదు, దాచుకుని. తప్పును ఆపండి, శిక్షణ ఇవ్వండి. ఏడ్చినందుకు మాత్రం సిగ్గుపరచకండి. ఇంతకన్నా బరువైన అభ్యంతరం బతుకుతెరువుది. నెల్లూరు జిల్లా సోమశిలలో పెన్న మీద 78 టీఎంసీల జలాశయం ఉన్నా, ఉదయగిరి, ఆత్మకూరు మెట్టల్లో ఆ నీళ్లు అందని ఊళ్లున్నాయి. అక్కడి తండ్రులు బెంగళూరుకో గల్ఫ్‌కో పనికి పోతే తప్పెలా పడతాం? కానీ ఫోన్‌లో మార్కుల గురించి అడిగే నోటితోనే, ఈరోజు ఎందుకు అలిగావని కూడా అడగొచ్చు. దానికి సెలవు అక్కర్లేదు. ఊళ్లో ఉన్న తండ్రులనైనా అంగన్‌వాడీల్లో తల్లుల సమావేశాలకు పిలవండి. తండ్రులారా, పిలిస్తే మీరూ వెళ్లండి.